గంగన్న వాచీ ఎవరి ఫోన్‌కి కలిసింది?

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఒమన్‌లో కన్‌స్ట్రక్షన్ పనిచేసేవాడికి దెయ్యం అవసరం కూడా లేదు, ఫోర్మన్ ఉంటాడు. రూమ్‌లో ఎవరైనా దెయ్యం కథ మొదలెడితే, "దానికి వీసా ఎవరు తీసిండ్రు?" అని అడిగి చెడగొట్టేది నేనే. ఇది మాత్రం ఒళ్లు మండి రాస్తున్నది. పేర్లు మార్చాను.

మా సైట్ అల్ అమెరాత్‌లో. గంగన్నది మా పక్క ఊరు, జగిత్యాల వైపు. ఎండలు ముదిరిన రోజుల్లో, ఓ పొద్దున టీ టైమ్ దాటాక, పనిలోనే కుప్పకూలాడు. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. "ఒంట్లో బాగలేదని నాతోని ఒక్క మాట చెప్పలే" అని ఫోర్మన్ కంపెనీకి చెప్పాడు. ఆ ఫోర్మన్ మన తెలుగువాడే. అందుకే ఇంకా మంట.

ఇక్కడ మనిషి పోతే రూమ్ వాళ్లే అతని సామాను కార్టన్‌లో సర్ది, తాడు కట్టి, మార్కర్‌తో పేరు రాసి శవంతో పాటు పంపిస్తారు. గంగన్న ఫోన్ స్విచాఫ్ చేసి, సిమ్ తీసి, తువ్వాలలో చుట్టి పెట్టింది నేనే. కార్టన్ వెళ్లిపోయాక పరుపు ఎత్తితే, కింద అతని స్మార్ట్ వాచీ కనబడింది.

మా రూమ్‌మేట్ పోశన్న లీవు మీద ఇంటికి పోతున్నాడు. అతనితో పంపుదామనుకున్నాం.

"ముందు అది నడుస్తదో లేదో చూడు తమ్మీ. ఖరాబు సామాను పట్టుకొని సచ్చినోని ఇంటికి నేను పోను" అన్నాడు.

రూమ్‌లో ఫోన్ల డాక్టర్ని నేను. నా ఫోన్‌కి కలిపి చూద్దామని కూర్చున్నా.

కలవలేదు. బ్లూటూత్ ఆపి మళ్లీ వేశాను. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను. లొకేషన్ పర్మిషన్ ఇచ్చాను. వాచీని మొత్తం రీసెట్ చేశాను. బూతులు తిట్టాను. ఇది మాన్యువల్‌లో ఉండదు కానీ అందరం చేసేదే. ఏం చేసినా ఒకటే మాట: వేరే ఫోన్‌కి కనెక్ట్ అయి ఉంది. కింద ఆ ఫోన్ పేరు, గంగారాం. గంగన్న అసలు పేరు అదే.

రీసెట్ అయిన వాచీకి పాత పేరు గుర్తుండకూడదు. పైగా బ్లూటూత్ గోడ దాటడానికే ఆయాసపడుతుంది, సముద్రం ఏం దాటుతుంది? అంటే ఎవడో కార్టన్‌లోంచి ఫోన్ కొట్టేశాడు, ఇక్కడే వాడుతున్నాడు. శవం సామానులో చెయ్యి పెట్టినవాడెవడా అని రక్తం మరిగింది.

గంగన్న భార్య లలిత వదినకి వీడియో కాల్ చేశా. "కార్టన్ ఇంకా విప్పలే తమ్మీ. దినాలు కావాలె గద" అని చూపించింది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఫోన్ పెట్టేయబోతుంటే ఆమే అడిగింది. "మీ అన్న నిజంగనే ఎవ్వలికీ చెప్పలేదా? పాణం బాగలేనోన్ని నువ్వే తోలిచ్చినవు, నువ్వే సంపినవని మా అత్త రోజూ తిడుతుంది. ఆయన నోరు తెరిసి అడిగిండా లేదా, గదొక్కటి చెప్పు."

గంగన్న ఆ పొద్దున ఎవరితో మాట్లాడాడో నేను చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పోశన్న లీవు కాగితం కోసం ఇద్దరం ఫోర్మన్ కేబిన్ ముందు నిలబడ్డాం. వాచీ నా జేబులోనే ఉంది. కోపం తీరక మళ్లీ కెలుకుతుంటే 'ఫోన్ వెతుకు' అనే బటన్ కనబడింది. నొక్కితే కలిసిన ఫోన్ దగ్గర్లో ఎక్కడున్నా మోగుతుంది. నొక్కాను.

కేబిన్ లోపల మోగింది.

"బాపూ, ఫోనెత్తే! బాపూ, ఫోనెత్తే!"

గంగన్న రింగ్‌టోన్ అది, కూతురి గొంతు. రూమ్‌లో రోజూ మమ్మల్ని నిద్ర లేపేది. పోశన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకుని తలుపు తన్నాను.

"దొంగ నా కొడకా, సచ్చినోని ఫోన్ కొట్టేస్తవా?"

ఫోర్మన్ గోడకి అంటుకుపోయి ఉన్నాడు. అతని ఫోన్ టేబుల్ మీద మూగగా పడి ఉంది. ఆ గొంతు ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలోంచి వస్తోంది. కుర్చీ మీద ఏమీ లేదు, కింద ఏమీ లేదు. ఎత్తి బయటికి విసిరేశా. గొంతు కుర్చీతో పోలేదు. ఉన్నచోటే ఉంది.

ఫోర్మన్ నన్ను చూడటం లేదు. ఆ ఖాళీ చోటుతోనే మాట్లాడుతున్నాడు.

"బండి సిమెంటుకు పోయింది గంగారాం. వచ్చినంక దవాఖానకు తోలుతనన్న గద. జర ఓర్సుకో అన్న గద."

అంతే, రింగ్ ఆగిపోయింది. ఇలాంటి చోట నాకు ఏదో ఒక జోకు తడుతుంది. తట్టలేదు.

సాయంత్రం వదినకి ఫోన్ చేశా. "అడిగిండు వదినా. దవాఖానకు పోతా, బండి ఇయ్యమని ఫోర్మన్‌ను అడిగిండు. వాడు పంపలే."

వదిన వెంటనే, "అత్తమ్మా, ఇటు రా. తమ్మీ, మళ్లొక్కసారి చెప్పు. స్పీకర్ పెడుతున్న" అంది. మళ్లీ చెప్పా. అటువైపు ముసలామె ఏడుపు వినబడింది. వదినది వినబడలేదు.

ఆ తర్వాత వాచీని నా ఫోన్‌కి కలిపి చూస్తే మొదటిసారికే కలిసింది, అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడంత బుద్ధిగా. విసిరి గోడకి కొట్టాలనిపించింది. పోశన్న తీసి సంచిలో పెట్టుకున్నాడు.

ఫోర్మన్ మర్నాటికే మాట మార్చాడు. ఎండకి తల తిరిగి ఏదో అన్నాడట. అతని ఫోన్ లాక్కుని వెతికితే ఆ గొంతు లేదు. కేబిన్ మూలమూలా వెతికినా ఏమీ దొరకలేదు. దినాలయ్యాక కార్టన్ విప్పితే గంగన్న ఫోన్ తువ్వాలలో అలాగే ఉంది, స్విచాఫ్‌లో. ఆ వాచీ ఎవరి ఫోన్‌కి కలిసిందో, ఆ చోట మోగిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పోశన్న కూడా విన్నాడు కాబట్టి నాకు పిచ్చి లేదని మాత్రం చెప్పగలను.

వదినకి ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఆ పొద్దున బండి సిమెంటుకు పోలేదు. కేబిన్ వెనక నీడలోనే ఉంది. గంగన్న పడిపోయాక మేం అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది అందులోనే.