బోళం పొగ

సాయంత్రం నాచారం స్టాపులో నర్సవ్వ బస్సెక్కితే ఆమె ఒంటి మీది ధూపం లాంటి వాసనకు పక్క సీటువాళ్లు గుడి నుంచి వస్తున్నావా అని అడుగుతారు. ఆమె కాదని తల ఊపి కిటికీ బయటికి చూస్తుంది. ఆయుర్వేద మందుల ఫ్యాక్టరీలో పదేళ్లుగా ఆమె పని బోళం ఏరడం. ఎక్కడో ఆఫ్రికా ఎడారిలో ముళ్లచెట్టు బెరడుకు గాటు పెడితే కారి గడ్డకట్టే బంక అది. బస్తాల్లో వస్తుంది. అందులోంచి పుల్లలూ ఇసుకా తీసేయాలి. వేళ్లకంటిన జిగురు సబ్బుకు పోదు, కొబ్బరినూనెతో రుద్దుకుంటుంది. చిలకానగర్‌లో ఏ ఇంట బాలింతకు తలస్నానమైనా ఆమెనే పిలుస్తారు. నిప్పుల మీద చిటికెడు బోళం వేసి, పైన గంప బోర్లించి, తడి జుట్టు దాని మీద పరుస్తుంది. జుట్టు ఆరాక రెండు చేతులూ చాపి బిడ్డను అందుకుని, పొగ మీదుగా ఒకసారి తిప్పి ఇచ్చేస్తుంది. ముద్దు చేయదు.

పోయిన నెల ఆమె కూతురు త్రివేణి దవాఖానా నుంచి ఒట్టి చేతులతో వచ్చింది. పుట్టిన పాప గంట కూడా బతకలేదు. ఐదో రోజు నర్సవ్వ నీళ్లు కాచి కూతురికి తలంటి, కుంపటి ముందు కూర్చోబెట్టింది. పక్కింటి సుబ్బులు గడపలో నిలబడి, "ఇప్పుడివన్నీ ఎందుకు పిన్నీ?" అంది మెల్లగా.

"పాప లేకుంటేంది, బాలెంతే గద," అంది నర్సవ్వ నిప్పులు ఊదుతూ.

జుట్టు ఆరింది. నర్సవ్వ ఇంకో చిటికెడు బోళం వేసి, కూతురి వైపు రెండు చేతులూ చాపింది. త్రివేణి ఆ చేతుల వంక చూసి, పాలకు తడిసిన రవిక మీదికి కొంగు లాక్కుంది. కాసేపటికి నర్సవ్వ చేతులు వెనక్కి తీసుకుని, కొబ్బరినూనె సీసా మూత తిప్పింది.