పొట్టిక్కలు వద్దన్న ఏడాది

మా నాన్నగారికి మోకాలి కింద కాలు తీసేసినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఇంటికి వచ్చి చూస్తే మంచం మీద దుప్పటి ఒక పక్క చదునుగా పడి ఉంది. ఆ చదును నా కంట్లో ఉండిపోయింది. అందుకే చాలా ఏళ్ళ తర్వాత, ఎనభైల మొదట్లో, అమలాపురం డాక్టరుగారు నా కుడికాలి బొటనవేలి పుండు చూసి, ఒంటేలు పరీక్ష చేయించి, "టీచరుగారూ, మీకూ షుగరేనండీ" అన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఈ జబ్బు మా ఇంట్లో ఒక కాలు పట్టుకుపోయింది చాలదా?

"మాత్రలు వేసుకోండి, కట్టు కట్టించుకోండి. షుగరు దిగితే పుండు మానుద్ది. దిగకపోతే వేలు తియ్యాల్సి రావచ్చు. ఈస్టరు దాకా చూద్దాం" అన్నారాయన.

"ఏం తినమంటారండీ?"

"అన్నం తగ్గించండి. పొద్దున్న పూట అసలే వద్దు."

నేను కాట్రేనికోన దగ్గర ఒక పల్లెలో ఉండి, పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఇంటి నుంచి బడికి కాలవ గట్టు మీద నడక తప్ప ఇంకో దారి లేదు. వానాకాలం ఆ గట్టు మీద మంచి కాళ్ళున్నవాళ్ళే జారి పడేవారు. మా వారు అప్పటికి మస్కట్‌లో ఉన్నారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. కాలు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నేను మంచం మీద కూర్చుని ఇంకొకరి చేతి వైపు చూడాలి. 

అప్పటిదాకా పొద్దున్నే నా తిండి చద్దన్నం. మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, ఆవకాయ నంజుకుంటూ తిని బడికి పోయేదాన్ని. ఆ సాయంత్రమే అత్తగారితో రేపటి నుంచి పొద్దున్న అన్నం మానేస్తున్నానని చెప్పాను.

"ఓస్, అంతేనా!" అన్నారావిడ. "ఈస్టరు ముందు శ్రమకాలం నలభై దినాలూ అన్నం ముట్టకుండా ఫలహారం మీద ఉండట్లేదా నేను? నీకు ఏడాది పొడుగూ శ్రమకాలమే అనుకో. నేను చూసుకుంటాన్లే."

ఉపవాసం అంటే మా క్రైస్తవుల ఇళ్ళల్లో అన్నం మానడం. పగలంతా ప్రార్థనలో ఉండి పొద్దుగూకాక ఇడ్లీయో అట్టో తింటే ఉపవాసానికి ఏ లోటూ లేదు. పక్కింట్లో శనివారం ఒక్కపొద్దు ఉండేవారిదీ అదే లెక్క. దేవుడి దగ్గర మాకు తేడాలున్నాయి కాని, ఫలహారం దగ్గర లేవు. అన్నం అన్నమే. ఫలహారం ఫలహారమే.

అలా మొదలయ్యాయి పొట్టిక్కలు. అత్తగారు సాయంత్రం పెరట్లో పనసాకులు కోసి, నాలుగేసి ఆకుల్ని చీపురు పుల్లలతో గుచ్చి బుట్టలు కుట్టేవారు. పొద్దున్నే ఆ బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించేవారు. ఆకు విప్పితే కమ్మటి వాసన గది దాటి వీధిలోకి పోయేది. పక్కన కొబ్బరి పచ్చడి. కడుపు నిండా తినేదాన్ని. డాక్టరు మాట జవదాటని బుద్ధిమంతురాలిననుకుని మరీ తినేదాన్ని.

పుండు మాత్రం మానలేదు. వేలు నల్లబడుతోంది. మళ్ళీ అమలాపురం వెళ్ళేసరికి పరీక్షలో ఇటుక రంగు వచ్చింది. అంటే షుగరు నిండా ఉన్నట్టు.

"అన్నం మానలేదన్నమాట" అన్నారు డాక్టరుగారు.

"పొద్దున్న పూట మెతుకు ముట్టలేదండీ!"

ఆయన నా వైపు ఒక చూపు చూశారు. హోంవర్కు చేశానండీ, పుస్తకమే ఇంట్లో మర్చిపోయాను అనే పిల్లల వైపు నేను చూసే చూపు అది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పళ్ళు నూరుకున్నాను. అబద్ధమాడానని ఆయన అనుకుంటే అనుకోనీ. నేను అబద్ధమాడలేదని నాకు తెలుసు. మరి ఎక్కడిదీ షుగరు? ఇక ఎవరి మాటా వద్దు, నేను తినే ప్రతిదాన్నీ నేనే పరీక్ష పెట్టి చూసుకుంటానని తీర్మానించుకున్నాను.

మందుల షాపులో నీలం మందు సీసా, గాజు గొట్టం, స్పిరిటు దీపం కొన్నాను. సెలవు రోజున పొట్టిక్కలు తిని, రెండు గంటలాగి, పెరట్లో నీళ్ళగది వెనక దీపం వెలిగించి కూర్చున్నాను. గొట్టంలో నీలం మందు, అందులో కొన్ని చుక్కల ఒంటేలు. మరుగుతూ పచ్చబడింది, పసుపెక్కింది, చివరికి ఇటుక ముక్క నూరి కలిపినట్టు తయారైంది.

అత్తగారు మంట చూసి వచ్చారు. "పెరట్లో ఏం కాస్తన్నావమ్మాయ్?"

"ఒంటేలండీ."

"ఛీ ఛీ! చదువుకున్నదానివి, ఇదేం చోద్యమే!"

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నీలం ఉంటే మంచిది, ఎరుపైతే చెడ్డది, ఇది మనం పొద్దున్న తిన్న తిండి తెచ్చిన రంగు. ఆవిడ గొట్టం వైపు వంగి చూశారు. ముఖం చిన్నబోయింది.

"నూనె చుక్క పడలేదు. పంచదార పలుకు లేదు. ఆవిరి మీద ఉడికినయ్యి. ఏం పాపం చేసేయే నా పొట్టిక్కలు?"

"మినపప్పు ఒక పాలైతే బియ్యం నూక రెండు పాళ్ళు పోస్తాం గదండీ. బియ్యమే గదా అత్తయ్యగారూ అది."

"బియ్యమైతే ఏం? అన్నం కాదు గదా!"

అంతకు ముందు రోజు వరకూ నాదీ అదే నమ్మకం. తర్వాతెప్పుడో చద్దన్నం తిని పరీక్ష పెట్టి చూస్తే అదీ ఇంతకంటే ఏమంత ఎర్రగా లేదు.

గొట్టం పరీక్ష జరిగిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ నా ముందు పళ్ళెంలో పొట్టిక్కలు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని "వద్దండీ" అన్నాను. మా వైపు పెద్దవాళ్ళు పెట్టినదాన్ని వద్దనడం చెంప మీద కొట్టడంతో సమానం. ఆవిడ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే గోడతో చెప్పేవారు. "కొందరికి మన చేతి వంట పడదు" అని ఓసారి. "ఇదివరకు ఊరంతా అడిగి మరీ తినేవోరు" అని ఇంకోసారి. గోడ ఏనాడూ జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని నేను. గోధుమలు తింటే షుగరు ఉండదని ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, కాబట్టి గోధుమ రవ్వ ఉప్మాతో మొదలుపెట్టాను. గొట్టం నారింజ రంగు చూపించింది. ఊరి మాట పక్కన పెట్టాను. పెసరట్టు వేసుకున్నాను, అదీ పసుపెక్కింది. ఎందుకంటే అట్టు కరకరలాడాలని పిండిలో గుప్పెడు బియ్యం వెయ్యడం మాకు అలవాటు. ఆ గుప్పెడూ తీసేసి పొట్టు పెసలే రుబ్బి, అల్లం దట్టించి, ఒక్క అట్టుతో సరిపెట్టుకుంటే రంగు ఆకుపచ్చ దగ్గర ఆగింది. కోడిగుడ్డు ఉడకబెట్టుకుని తింటే ఇంకా నయం. చివరికి ఉలవలు నానబోసి, ఉడకేసి, గుగ్గిళ్ళు చేసుకుని తిన్నాను. ఆ రోజు మందు ఇంచుమించు నీలంగానే మిగిలింది. ఆ నీలం చూసి ఒక్కదాన్నే పెరట్లో నిలబడి గట్టిగా నవ్వాను.

"ఉలవలు ఎడ్లకి పెడతారు" అని గోడతో అన్నారు అత్తగారు.

ఇష్టంగా తిన్నానని మాత్రం చెప్పను. రోజూ ఉలవలు నములుతుంటే దవడలు లాగేవి. ఆవిడ తన కోసం వేసుకున్న పొట్టిక్కల వాసన వస్తుంటే నోట్లో నీళ్ళూ, కళ్ళల్లో నీళ్ళూ ఒక్కసారే ఊరేవి. ఒక్కటి తింటే ఏం పోతుందని రోజూ అనిపించేది. బొటనవేలు వైపు చూసుకుని మళ్ళీ ఉలవలు నమిలేదాన్ని.

ఒకరోజు నేను తినబోతుంటే అత్తగారు వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ పళ్ళెంలోనూ ఉలవ గుగ్గిళ్ళే. ఆవిడకప్పటికి ముందు పళ్ళు నాలుగో ఐదో మిగిలాయి. ఒక్కొక్క ఉలవనీ దవడ కిందికి తోసి, నలగక, మింగలేక అవస్థ పడుతున్నారు.

"మీకెందుకండీ ఇవి? మీరు హాయిగా పొట్టిక్కలు తినండి" అన్నాను.

"కోడలు ఒక్కత్తీ దాణా తింటా ఉంటే నేను ఫలహారాలు చేసుక్కూచోనా?" అన్నారు. ఎన్నో రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మాట అది. వెంటనే, "అయినా ఇవేం గుగ్గిళ్ళు, ఉప్పు కషాయం!" అన్నారు.

మర్నాటి నుంచి పొయ్యి మళ్ళీ ఆవిడదే. ఉడికిన ఉలవల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పుల్ల మామిడికాయ కోరు, పచ్చిమిరపకాయ, కాస్తంత కొబ్బరి కలిపి పెట్టేవారు. పెసరట్టు రోజున పెసల దగ్గర బియ్యం డబ్బా కనపడనిచ్చేవారు కాదు. నేను పరీక్ష పెట్టుకుని లోపలికి వస్తే, ఏం రంగొచ్చిందమ్మాయ్ అని అడిగేవారు.

ఈస్టరుకి ముందు వారం డాక్టరుగారు కట్టు విప్పి చూశారు. నలుపు విడిచి ఎర్రటి కండ వస్తోంది. "ప్రస్తుతానికి వేలి జోలికి పోనక్కర్లేదండీ" అన్నారు. ప్రస్తుతానికి అన్న మాట నేను బాగా విన్నాను. గెలిచేశానని అనుకోలేదు. రేపు పొద్దున్న మళ్ళీ తినాలి గదా అనుకున్నాను.

ఈస్టరు తెల్లవారుజామున కట్టుకట్టిన కాలితోనే అందరితో పాటు సమాధుల తోటకి నడిచాను. కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో బంతి వేశారు. ఆ బంతికి పిండి కలపడం ఎన్నో ఏళ్ళుగా మా అత్తగారి పెత్తనమే. గంగాళాల నిండా పొట్టిక్కలు. ఆకుల ముందు కూర్చున్నాం. వడ్డిస్తున్న సంఘపెద్ద గారి భార్య నా దగ్గర ఆగారు.

"నాకు వద్దండీ."

"పండగ పూట వద్దనకూడదు టీచరుగారూ. ఒక్కటేనండీ, ఒక్కదానికేం అయిపోద్ది చెప్పండి!"

ఆ వాసన, ఆ మర్యాద, చుట్టూ అందరి చూపులూ. ఇన్నాళ్ళూ ఇంట్లో నిలబడ్డదాన్ని అక్కడ నిలబడలేకపోయాను. నా నోట ఇంకో వద్దు రాలేదు. ఆవిడ ఆకు విప్పిన వేడి వేడి పొట్టిక్కని వంచేశారు.

అది నా విస్తట్లో పడలేదు. పక్కన కూర్చున్న మా అత్తగారి చెయ్యి మీద పడింది. ఎప్పుడు చాపారో, అరచెయ్యి నా విస్తరి మీద పరిచి ఉంచారు.

"వెయ్యకండీ" అన్నారు. "దీని కాలు కోసేస్తారేమో అని నేను నిద్దర్లేకుండా ఏడిసేనండీ. కొయ్యలేదు. ఇయ్యాల నడిచొచ్చింది. మీ మర్యాదలు మా పిల్ల కాలు కంటే ఎక్కువేం కాదండీ."

వడ్డించే చేతికి అలా అడ్డుపడి మాట్లాడిన మనిషిని మా వైపు నేను అంతవరకూ చూడలేదు. ఆవిడ ఏడ్చారన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

"ఆయ్, అలాగేనండీ" అని సంఘపెద్ద గారి భార్య ముందుకు సాగారు.

అత్తగారు కాలిన చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, నా వైపు చూడకుండానే అడిగారు.

"గుగ్గిళ్ళ డబ్బా తెచ్చుకున్నావా?"

"తెచ్చేనండీ."

"మరి తినవే, చూస్తావేం" అన్నారు.