తుపాకీ పెళ్ళిచూపులు

నా పెళ్ళిచూపుల్లో నేను పిల్ల తల్లికి తుపాకీ గురిపెట్టాను. తొందరపడి పోలీసులకు ఫోన్ చేయకండి. కథంతా విన్నాక కూడా చేయాలనిపిస్తే మీ ఇష్టం. గురిపెట్టిన మాట నిజం, లోపల గుండ్లున్న మాట నిజం, గురిపెట్టి ఆవిణ్ణి నేనొక కోరిక కోరిన మాట కూడా నిజమే. అంతకంటే ఘోరమైన పెళ్ళిచూపులు మీ ఇంట్లో జరిగి ఉంటే చెప్పండి, ఈ కాగితం ఇక్కడే చించేస్తాను.

ఏడేళ్ళ కిందటి సంగతి. అప్పుడు నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. టెస్టరంటే ఏది ఎక్కడ చెడుతుందో ముందే ఊహించి భయపడేవాడు. అందుకు జీతం కూడా ఇస్తారు. నేనైతే ఉద్యోగం రాకముందు నుంచీ ఆ పని ఉచితంగానే చేస్తున్నాను. నల్గొండలో మా వీధంతా దీపావళికి టపాకాయలు కాలుస్తుంటే నేను వంటింట్లో బియ్యం డబ్బా వెనక కూర్చునేవాణ్ణి. కాకరపువ్వొత్తి కూడా నాన్న వెలిగిస్తే కిటికీలోంచి చూసేవాణ్ణి.

అలాంటివాణ్ణి హారికను ప్రేమించాను. హారిక అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. విరిగిన మోకాళ్ళకీ బెణికిన భుజాలకీ వ్యాయామాలు చేయించే ఉద్యోగం తనది. ఒక స్నేహితుడి గృహప్రవేశంలో పరిచయమై, నాలుగు నెలలు కాఫీలు తాగాక, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని తేలింది. ఇక మిగిలింది వాళ్ళ నాన్న.

"డాడీ నో అంటే నేను ఫైట్ చేస్తా. బట్ ఫస్ట్ నువ్వు ట్రై చెయ్," అంది హారిక.

ప్రసాద్ అంకుల్‌ది నరసరావుపేట. టెక్సాస్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. బూట్లు, టోపీ, ఉప్మా ప్లేటంత బెల్టు బకిల్, పెద్ద పికప్ ట్రక్కు. మాట మాత్రం నరసరావుపేటలోనే ఆగిపోయింది. మొదటిసారి ఫోన్ చేసి జీతం అడగలేదు, గోత్రం అడగలేదు.

"ఏం బాబూ, షూటింగూ అదీ అలవాటుందా?" అన్నారు.

"కాలేజీలో ఎన్.సి.సి. చేశాను అంకుల్," అన్నాను.

అబద్ధం కాదు. పరేడ్ అయ్యాక పూరీ, కుర్మా పెట్టేవారు. నేను వాటికోసం చేరాను. ఫైరింగ్ ఉన్న రోజు మాత్రం చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాను. ఆ ఉల్లిపాయ సంగతి ఫోన్‌లో చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

"శభాష్! అయితే ఆదివారం పొద్దున షూటింగ్ రేంజ్‌కి వచ్చెయ్. ఆంటీ, హారిక కూడా వస్తారు. మాట్లాడుకున్నట్టూ ఉంటది, కాల్చుకున్నట్టూ ఉంటది."

వీసా మీద ఉన్న నాలాంటివాడు తుపాకీ ముట్టుకోవాలంటే ముందు హంటింగ్ లైసెన్స్ ఉండాలని అంకులే కనుక్కుని చెప్పారు. తీసుకున్నాను. బాత్రూంలో బొద్దింక కనిపిస్తే రూమ్మేట్‌ని నిద్రలేపే మనిషి జేబులో టెక్సాస్ రాష్ట్రం వేటగాడని రాసిన కాగితం!

ఆదివారం వచ్చింది. రేంజ్ బయటికి మామూలు కొట్టులాగే ఉంది. తలుపు తీయగానే లోపలి గోడ అవతలి నుంచి 'ఢాం' అంది. కౌంటర్ వెనక గోడనిండా తుపాకులు, చీరల కొట్లో చీరల్లా వరసగా పెట్టి ఉన్నాయి.

"నీ ఇష్టం బాబూ, నువ్వే సెలెక్ట్ చేసుకో. నేను జస్ట్ చూస్తా," అని అంకుల్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెళ్ళికొడుకుని పాట పాడమన్నట్టు ఉంది నా పరిస్థితి.

అన్నిటికంటే చిన్న పిస్టల్ వైపు వేలు చూపించాను. చిన్నదైతే చిన్నగా చప్పుడు చేస్తుంది కదా అని నా లెక్క.

"నో," అని హారిక నా చెవిలో అంది. "చిన్నది ఇంకా ఎక్కువ ఎగుర్తది చేతిలో. బిగినర్స్‌కి కష్టం. నిజం చెప్పు, నువ్వు ఎప్పుడైనా షూట్ చేశావా?"

"చేశాను."

"ఏంటి?"

"ఫొటోలు."

హారిక ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. తర్వాత గోడ మీద ఒక పొట్టి రైఫిల్ చూపించింది. "అది తీస్కో. కార్బైన్. చూడ్డానికి రైఫిల్, కానీ లోపల పిస్టల్ బుల్లెట్, నైన్ ఎం.ఎం. భుజానికి ఆనించి పట్టుకుంటావ్, బరువుగా ఉంటది, సో కిక్ తక్కువ. కొంచెం నిలకడగా ఉంటది."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంకుల్ చూడ్డానికి రైఫిల్, నేను పేల్చడానికి పిస్టల్. లారీకి స్కూటర్ ఇంజన్ పెట్టినట్టు ఎంత మంచి ఏర్పాటు! పిట్ట కొంచెం కూత ఘనం అంటారు పెద్దలు. నాకు కావలసింది పిట్ట ఘనంగానూ కూత కొంచెంగానూ ఉండడం.

"కార్బైనా? ఊఁ... గుడ్ చాయిస్. ఎందుకు తీసుకున్నావ్?" అన్నారు అంకుల్.

"ఎన్.సి.సి.లో ఇలాంటిదే వాడాను అంకుల్."

"ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిల్ కదయ్యా ఇచ్చేది?"

"మా బెటాలియన్ కొంచెం వేరు అంకుల్."

చూశారా, ఒక అబద్ధాన్ని ఒంటరిగా వదలడం నాకు చేతకాదు. వెంటనే దానికి పెళ్ళి చేసేస్తాను.

రేంజ్ ఆఫీసర్ తెల్ల గడ్డంతో ఆరడుగుల మనిషి. లోపలికి పంపే ముందు నియమాలు చెప్పాడు. తుపాకీ ఏదైనా సరే లోపల గుండు ఉందనే అనుకోవాలి, కాల్చేదాకా వేలు ట్రిగర్ మీద పెట్టకూడదు, అన్నిటికంటే ముఖ్యం, "వాచ్ యువర్ మజిల్," ఎప్పుడూ అది ఎదుటి గోడ వైపే ఉండాలి అన్నాడు. మజిలంటే తుపాకీ గొట్టం మూతి. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. మా నల్గొండలో మజిలంటే జిమ్‌కి వెళ్ళి పెంచుకునే కండ. కండ గోడ వైపు ఎందుకు పెట్టాలో అర్థం కాలేదు గానీ, తలాడించి కుడి జబ్బ బిగించి చూపించాను. హాస్యమాడాననుకుని ఆయన నవ్వాడు.

అంకుల్ నాకు తన చెవి డిప్పలిచ్చారు. "ఎలక్ట్రానిక్‌వి బాబూ. పెద్ద చప్పుడు ఆపేస్తాయి, చిన్న చప్పుడు పెంచి వినిపిస్తాయి. పక్కనోళ్ళ గుసగుస కూడా వినబడతది."

వినబడింది. నా వెనక నిలబడ్డ విమల ఆంటీ గొంతు నా తలలోంచే వచ్చినట్టు వచ్చింది. "ఏమండీ, పిల్లాడు బానే ఉన్నాడు గానీ, అలా వణుకుతున్నాడేంటి?"

"ఏసీ ఎక్కువైందిలే," అన్నారు అంకుల్.

ముందు హారిక కాల్చింది. అయిదు గుండ్లు, అయిదూ ఎదుట వేలాడే గురి కాగితం నడిమధ్య. ఒక్కో పేలుడుకీ నేను ఒక్కో అంగుళం పొట్టివాణ్ణయ్యాను. తర్వాత తనే ఇంకో అయిదు గుండ్లు నింపి, కార్బైన్ నా చేతికిచ్చి, ఏదో మీట చూపించి ఏదో చెప్పింది. వినలేదు. అప్పుడు నేను ఆంజనేయస్వామితో మాట్లాడుతున్నాను. స్వామీ, ఈ అయిదూ గోడకి తగిలితే చాలు, కాగితం దాకా కూడా అక్కర్లేదు, ఈ పిల్లనిచ్చి పెళ్ళి చేస్తే నూట ఎనిమిది వడలు.

భుజానికి ఆనించాను. ఊపిరి బిగబట్టాను. ట్రిగర్ నొక్కాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. కాలేదు. నాకు తుపాకీ అంటే భయం, సరే, తుపాకీకి కూడా నేనంటే భయమా? కళ్ళకి పెట్టిన రక్షణ అద్దాల లోపల చెమట కంట్లోకి కారుతోంది.

"ఏం బాబూ?" అన్నారు అంకుల్ వెనక నుంచి.

"గురి చూస్తున్నా అంకుల్."

"ఎంతసేపు చూస్తావయ్యా, కాగితం ఎక్కడికీ పారిపోదు."

సరే, ట్రిగర్ మీంచి వేలు తీసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ పట్టుకుని, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, ఈసారి తాడో పేడో అనుకున్నాను. సరిగ్గా అప్పుడు, "హాఛ్!"

విమల ఆంటీకి ఆ తుపాకీ మందు పొగ పడలేదు. ఒకే ఒక్క తుమ్ము. ఆ చెవి డిప్పలు దాన్ని పెంచి పెద్దది చేసి, నేరుగా నా మెదడులో పేల్చాయి.

మా నాయనమ్మ చేతిలో పెరిగినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మారా, పని అక్కడే ఆపాలి, వెనక్కి తిరగాలి, కూర్చుని మంచినీళ్ళు తాగాలి, అప్పుడే మళ్ళీ మొదలుపెట్టాలి. తుమ్ము తమ్ముడై చెబుతుందనేది ఆవిడ. ఆ తమ్ముడి మాట విని నేను బస్సులు పోగొట్టుకున్నాను, ఒకసారి ఇంటర్ పరీక్షకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. తుమ్మినవాళ్ళు వెంటనే రెండో తుమ్ము తుమ్మితే మాత్రం దోషం లేదు. జంట తుమ్ములు శుభం.

కనుక నేను ఆగాను. వెనక్కి తిరిగాను. నాతోపాటు నా చేతిలో ఉన్నది కూడా తిరిగింది.

"ఆంటీ! ఇంకొక్కటి తుమ్మండి!" అన్నాను.

పాపం, నిజంగా బతిమాలుకున్నాను. కానీ ఎదుటివాళ్ళకి కనిపించింది వేరు; నా కళ్ళింకా మూసే ఉన్నాయి, ఇదంతా తర్వాత హారిక చెబితే తెలిసింది. అంకుల్ దబ్బున నేల మీద పడ్డారు, ముందు బకిల్ మోగింది, తర్వాత మనిషి. అటూ ఇటూ ఉన్న ఇద్దరు తెల్లవాళ్ళు బల్లల కిందికి దూరారు. ఆంటీ ముక్కుకి టిష్యూ అడ్డం పెట్టుకుని, కళ్ళింతలు చేసుకుని నిలబడిపోయింది. తుమ్మాలో వద్దో ఆవిడకి తెలియడం లేదు.

"మజిల్! మజిల్!" అని రేంజ్ ఆఫీసర్ అరుపు.

నేను జబ్బ బిగించాను.

హారిక ఎప్పుడు కదిలిందో చూడలేదు. నా రెండు చేతులూ పట్టి నన్ను గిర్రున గోడ వైపు తిప్పేసింది. ఆఫీసర్ వచ్చి కార్బైన్ లాక్కున్నాడు. అప్పుడు కళ్ళు తెరిచి వెనక్కి చూశాను. ఆంటీ నిలబడ్డ చోటు, నా చేతులున్న చోటు, మధ్య నాలుగడుగులు. ఆ గొట్టం ఎవరి గుండె వైపు ఉందో అప్పుడు తెలిసింది. నవ్వుల కథలో ఈ ఒక్కచోట నవ్వకండి. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అంత భయం నాకు అంతకుముందు తెలియదు, మళ్ళీ తెలియకూడదు.

"ఆవిడతో ఏమన్నావ్ నువ్వు?" అని ఆఫీసర్ ఇంగ్లీషులో గద్దించాడు.

ఏం చెప్పను? "ఇంకోసారి తుమ్మమన్నాను సార్," అన్నాను నేనూ ఇంగ్లీషులోనే.

ఆయన గుండ్లు తీసేస్తూ పక్కనున్న మీట చూసి ఆగాడు. సేఫ్టీ వేసే ఉంది. హారిక నాకు చూపించి చెప్పింది దాని గురించే. అది తీయనంతవరకూ ఎంత నొక్కినా తుపాకీ పేలదు. "ఇవాళ నువ్వు సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. అదీ మర్చిపోయి చేశావు," అన్నాడు. ఈ జన్మలో ఆ గుమ్మం తొక్కనని నా చేత సంతకం పెట్టించుకుని బయటికి పంపాడు.

పార్కింగ్‌లో ట్రక్కు దగ్గర నలుగురం నిలబడ్డాం. అంకుల్ చొక్కా నిండా దుమ్ము. ఇక దాచేదేముంది?

"అంకుల్, ఎన్.సి.సి.లో నేను పూరీలు తప్ప ఏమీ ముట్టుకోలేదు. తుపాకీ పట్టుకోవడం ఇదే ఫస్ట్. నాకు చచ్చేంత భయం. హారిక కోసం వచ్చిన," అన్నాను.

"చూడు బాబూ," అన్నారు అంకుల్ దుమ్ము దులుపుకుంటూ, "నువ్వు మంచోడివే. కాదన్ను. కానీ తుమ్మితే తుపాకీ తిప్పేవాడికి నా కూతుర్ని ఎట్టా ఇవ్వమంటావ్? సారీ. ఈ సంబంధం..."

"ఆగండి," అంది విమల ఆంటీ.

రేంజ్‌లోంచి బయటికొచ్చాక ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

"మీరు నన్ను చూసుకోడానికి మా ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? మా నాన్న మీకు మాట ఇస్తుంటే, లోపలి గదిలోంచి నేను ఇలాగే ఒంటి తుమ్ము తుమ్మాను."

"తుమ్మావా?"

"వీధి చివరిదాకా వినపడేట్టు తుమ్మాను. మా నాన్న ఆగలేదు. మీ వాళ్ళు ఆగలేదు. మీరైతే చేతిలో జంతిక కూడా ఆపలేదు. ముప్ఫై రెండేళ్ళయింది. నేను తుమ్మితే ఆగిన మగాణ్ణి ఇవాళ చూశా. తుపాకీ పట్టుకుని ఆగాడు, పోనీ."

"అంటే... ఏంటి నీ ఉద్దేశం?" అన్నారు అంకుల్.

"ఉద్దేశమేముంది? పిల్లాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మళ్ళీ మొదట్నుంచి మాట్లాడదాం."

"నాకు ఓకే. బట్ లైఫ్‌లో ఇంకెప్పుడూ గన్ ముట్టుకోకూడదు," అంది హారిక నా వైపు చూసి.

అంకుల్ ట్రక్కు వెనక తలుపు కిందికి దించి, నన్ను దాని మీద కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చారు. సగం చొక్కా మీదే పోసుకున్నాను. మాకు నిశ్చితార్థం వేరే జరిగింది గానీ, నా లెక్కలో అసలుది అదే.

కనుక ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసుకుంటున్నాను. ఇకమీదట నేను తుపాకీ ముట్టను. పొట్టిది గానీ పొడుగుది గానీ, పిస్టల్ గుండు తినేది గానీ ఫిరంగి గుండు తినేది గానీ ముట్టను. ఖర్మకాలి ముట్టినా, వెనక నుంచి ఊరు ఊరంతా ఒక్కసారి తుమ్మినా, సాక్షాత్తూ ఆంజనేయస్వామే తుమ్మినా, ముందు దాన్ని బల్ల మీద పెట్టి ఆ తర్వాతే వెనక్కి తిరుగుతాను. మా ఆవిడ మీద ఒట్టు.

మా మావయ్య కూడా ఆ రోజు ఒక ప్రమాణం చేసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు గానీ మేం కనిపెట్టాం. అత్తయ్య తుమ్మిందంటే ఆయన చేస్తున్న పని ఏదైనా ఆపేస్తారు. ఆ మధ్య ట్రక్కు రివర్స్ చేస్తుంటే పక్క సీట్లో ఆవిడ తుమ్మింది. నడిరోడ్డు మీద బండి ఆపి, వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతుంటే, "చెప్పవే, ఏం వద్దంటావు?" అని అడిగారు.

"ఇప్పుడేం లాభం," అంది అత్తయ్య, "చెప్పాల్సింది నా పెళ్ళిచూపుల రోజే చెప్పేశాగా."