ఆయన మాట అత్తయ్యకు వినపడాలని

ఆపరేషన్ అయ్యాక మా ఆయన్ని కనిగిరి తీసుకొచ్చిన రోజు మా అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆటో ఆగిన చప్పుడు వినగానే, "వచ్చావంట్రా నాయనా?" అంది. ఆయన మెట్టెక్కి ఆమె ముందు నిలబడ్డారు. నోరు తెరిచారు గానీ శబ్దం రాలేదు.

"ఏరా, పలకవేం?" అంది మళ్ళీ.

ఆయన వంగి ఆమె చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నారు. ఆమె వేళ్ళు తల మీద నుంచి చెంపకి, చెంప మీద నుంచి మెడకి దిగబోతుంటే చటుక్కున పట్టుకుని ఆపారు. మెడలో రంధ్రం ఉంది. గాలి పీల్చడం ఇక దాన్నుంచే. దాని మీద తడి గుడ్డ కట్టి ఉంది.

మా ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆయన పద్యం అందుకుంటే రోడ్డు అవతల టీకొట్టు దాకా వినపడేదని ఊళ్ళో చెప్పుకునేవారు. గొంతులో క్యాన్సర్ వస్తే గుంటూరులో స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. ఇంట్లో అందరం అలా అనుకునే ఊరట పడ్డాం. అత్తయ్య సంగతి అప్పుడు నాకు తట్టలేదు. కళ్ళకి నీటికాసుల జబ్బు వచ్చి ఆమె చూపు పోయి చాలా కాలమైంది. ఆయన పలక మీద రాసి చూపిస్తే నేను చదువుకోగలను, పాలవాడు చదువుకోగలడు. కన్నతల్లికి అది కనపడదు.

అందుకని మధ్యలో నేను నిలబడ్డాను. ఆయన రాసేవారు, నేను పైకి చదివేదాన్ని.

"అత్తయ్యా, మందులు వేసుకున్నావా అని అడుగుతున్నారు."

"వాడు అడుగుతున్నాడా, నువ్వు అడుగుతున్నావా?"

"ఆయనే అత్తయ్యా. ఇదిగో, పలక మీద రాశారు."

"రాశాడో లేదో నాకేం తెలుసు తల్లీ. నాకు వినపడేది నీ గొంతే కదా."

అందులో కోపం లేదు. ఉన్నమాటే అంది. నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఆ తర్వాత నేను చదివిన ప్రతి మాటా నాకే అనుమానంగా వినపడేది.

ఫోన్‌లో టైపు చేస్తే అది చదివి వినిపిస్తుందని ఎవరో చెప్పారు. ప్రయత్నించాం. చికిత్స తర్వాత ఆయన వేళ్ళు వణికేవి. ఆ చిన్న తెర మీద ఒక అక్షరం నొక్కబోతే ఇంకొకటి పడేది. నాలుగు ముక్కలు కొట్టేలోపు అత్తయ్య లేచి మంచం దగ్గరికి వెళ్ళిపోయేది. ఆయన మాత్రం పలక మీద "కీబోర్డు" అని రాసి చూపించారు. స్కూల్లో తెలుగు ప్రశ్నపత్రాలన్నీ ఆయనే కంప్యూటర్ మీద కొట్టేవారు. పెద్ద మీటలైతే వణుకు అడ్డం రాదు.

మా తమ్ముడు గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. రేడియేషన్ కోసం గుంటూరు వెళ్ళినప్పుడల్లా వాడింట్లోనే దిగేవాళ్ళం. ఆ ప్రయాణాలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. చీమకుర్తి దగ్గర రాళ్ళ లారీల దుమ్ము. గుంటూరు చేరాక మిర్చి ఘాటు. మనకైతే ముక్కుంది, ఒక్క తుమ్ముతో పోతుంది. ఆయనకి గాలి నేరుగా మెడలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిర్చి బస్తాలు వేసుకుని లారీ పక్కనుంచి వెళితే చాలు, దగ్గు తెర ఆగేది కాదు. శబ్దం లేని దగ్గు. బస్సులో జనం వింతగా చూసేవాళ్ళు. నేను సీసాలో నీళ్ళతో గుడ్డ తడుపుతూ కూర్చునేదాన్ని.

కోచింగ్ సెంటర్లో పాత ల్యాప్‌టాప్‌లు తీసేస్తుంటే తమ్ముడు ఒకటి అడిగి తెచ్చిపెట్టాడు.

"ఇందులో విండోస్ బదులు లినక్స్ ఉందక్కా. విండోస్ వేస్తే ఈ పాతది మోయలేదంట. ఏముందిలే, అంతా ఒకటే. బొమ్మలు కాస్త వేరుగా ఉంటయ్యంతే," అన్నాడు.

ఇంటికి తెచ్చి తెరిస్తే నిజంగానే అలాగే కనపడింది. తెలుగు కీబోర్డు సెట్టింగ్స్‌లో వెతికితే దొరికింది. ఆయన కూర్చుని ఒక పేరా టకటకా కొట్టేశారు. ఆపరేషన్ తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూడటం అదే మొదలు. ఇక ఆ రాసింది చదివే సాఫ్ట్‌వేర్ ఒక్కటి ఎక్కించాలి. పెళ్ళికి ముందు నేనూ స్కూల్లో లెక్కలు చెప్పినదాన్నే. చేతకాకపోవడానికి ఇందులో ఏముందనుకున్నాను.

ఫోన్ నుంచి నెట్ ఇచ్చి, తెలుగు చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపాను. రెండుసార్లు నొక్కాను. దీన్ని తెరవడానికి ఏమీ లేదని వచ్చింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "అది విండోస్‌దక్కా, దీంట్లో ఎక్కదు" అన్నాడు. లినక్స్‌దని రాసి ఉన్నది వెతికి దింపాను. అది మూటలా వచ్చింది. విప్పితే లోపల బోలెడు ఫైళ్ళు. ఏది నొక్కాలో తెలియదు. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయాను. కొన్ని తెరుచుకుని అర్థంకాని ఇంగ్లీషు చూపించాయి, కొన్ని అసలు కదల్లేదు. "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ తీసుకెళ్ళి చివర "అయిపోయింది" అని చెప్పేది ఏదో ఒకటి ఉంటుందని వెతికాను. లేదు.

నెట్‌లో అడిగితే ఒకరు సాఫ్ట్‌వేర్ స్టోర్ తెరవమన్నారు. ఇంకొకరు స్టోర్ జోలికి వెళ్ళొద్దన్నారు. మరొక చోట, ఈ పద్ధతి మీ లినక్స్‌కి కాదు, వేరే లినక్స్‌కి అని ఉంది. లినక్స్ అంటే ఒకటే అనుకున్నాను. అందులో మళ్ళీ రకాలున్నాయని, ఒకదానికి పనికొచ్చే ఫైలు ఇంకోదానికి పనికిరాదని అప్పుడు తెలిసింది. నా దగ్గరున్నది ఏ రకమో తమ్ముడికీ తెలియదు. దాన్ని ఎక్కించిన మనిషి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడట.

చాలామంది చెప్పిన మాట మాత్రం ఒకటే. టెర్మినల్ తెరిచి ఆదేశం టైపు చేయాలి. తెరిచాను. నల్లటి కిటికీ వచ్చింది. అందులో బొమ్మలు లేవు, బటన్లు లేవు. నెట్‌లో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు కొట్టాను. "కమాండ్ నాట్ ఫౌండ్" అంది. అక్షరం అక్షరం సరిచూసుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. ఆ వాక్యానికి ముందున్న డాలర్ గుర్తు ఆదేశంలో భాగం కాదనీ, ఇక్కడ టైపు చేయండి అని చెప్పడానికి మాత్రమే పెడతారనీ నాకు ఎవరూ చెప్పలేదు. అది తెలియడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది.

ఆ గుర్తు తీసేసి కొడితే పాస్‌వర్డ్ అడిగింది. తమ్ముడు చెప్పిన పాస్‌వర్డ్ కొడుతున్నాను, తెర మీద ఒక్క చుక్క కూడా పడటం లేదు. మీటలు పాడయ్యాయని బెంబేలెత్తాను. గట్టిగా గుద్దాను. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్కడ ఏమీ కనపడదట. కనపడకపోయినా పడుతూనే ఉంటుందట.

ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్ళాను. అతను మూత తెరిచి చూసి, "లినక్సాండీ? మేం చూడమండీ. విండోస్ వేద్దామంటే ఇంత పాతదాంట్లో నడవదు. కొత్తది తీసుకోండి మేడం," అన్నాడు. సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను. దారంతా కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇంట్లో పరిస్థితి రోజురోజుకీ చెడుతోంది. అత్తయ్య తిండి తగ్గించేసింది. "వాడు ఇంట్లో తిరుగుతున్నాడు. అడుగుల చప్పుడు వినపడతంది. నాతో మాత్రం మాట్లాడడు. నేనేం చేశాను వాడికి?" అనేది. గొంతు తీసేశారని ఎన్నిసార్లు చెప్పినా అరగంట తర్వాత మళ్ళీ అదే మాట. ఒకరోజు కంచం పక్కకి తోసేసి, "వాడొచ్చి తినమంటే తింటాను" అని కూర్చుంది.

ఆయన పలక తీసుకుని ఏదో రాశారు. నా వైపు తిప్పారు. "నన్నెందుకు బతికించారు" అని ఉంది.

"ఏం రాశాడే?" అంది అత్తయ్య.

"అన్నం తినమంటున్నారు అత్తయ్యా."

ఆయన నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన పలక తుడిచేసి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు. అత్తయ్య మాత్రం కంచం దగ్గరికి లాక్కోలేదు.

ఆ సాయంత్రం ఏదైతే అదైందని మళ్ళీ నల్ల కిటికీ ముందు కూర్చున్నాను. ఆదేశం కొట్టాను. తాళం దొరకడం లేదు, ఇంకెవరో పట్టుకుని ఉన్నారు అన్న అర్థంలో ఏదో వచ్చింది.  ఎవరో దొంగ లోపలికి జొరబడ్డాడనుకున్నాను. నిజానికి ల్యాప్‌టాప్ తనంతట తానే పాత సాఫ్ట్‌వేర్లు మార్చుకుంటోంది, ఆ పని అయ్యేదాకా ఇంకొకరిని రానివ్వదు. అది నాకేం తెలుసు? పవర్ బటన్ అదిమిపట్టి ఆపేశాను. మళ్ళీ వేశాక ఏ ఆదేశం ఇచ్చినా ఒకటే ఎర్రర్. అంతకుముందు ఎక్కే అవకాశమైనా ఉండేది. ఇప్పుడు దాన్ని కూడా నా చేతులారా పాడుచేశాను. మూత వేసి, దాని మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు పైకి వినపడిందో ఏమో, పక్కగదిలోంచి అత్తయ్య "ఏమైందే అమ్మాయ్? వాడికేమన్నా అయిందా?" అని కంగారుగా పిలిచింది. 

భుజం మీద చెయ్యి పడింది. ఆయన. నన్ను పక్కకి జరగమని సైగ చేసి, కుర్చీ లాక్కుని మూత తెరిచారు. మళ్ళీ ఆదేశం కొట్టారు. అదే ఎర్రర్. నాకు ఆ అక్షరాలు చూడగానే గాభరా. మొదటి మాట చూసి కిటికీ మూసేయడం అలవాటైపోయింది. ఆయన మూయలేదు. పిల్లల చేత పాఠం చదివించేటప్పుడు పెట్టినట్టు ఒక్కో పదం కింద వేలు పెట్టుకుంటూ చదివారు. చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ చదివారు. పలక తీసుకుని రాశారు.

"ఏం చెయ్యాలో ఇందులోనే చెప్పాడు."

చూస్తే నిజమే. పని మధ్యలో ఆగిపోయింది, ఫలానా ఆదేశాన్ని మీరే స్వయంగా ఇచ్చి సరిచేసుకోండి అని, ఆ ఆదేశంతో సహా అక్కడే ఉంది. ఆయన దాన్నే కొట్టారు. పాస్‌వర్డ్ నేను చెప్పాను. ఏమీ కనపడకపోయినా ఆయన కంగారు పడలేదు. అక్షరాల వరసలు గబగబా పైకి పాకాయి. ఆగాయి. తర్వాత మా పాత ఆదేశమే కొడితే, ఎర్రర్ ఏమీ లేకుండా, ఎక్కించమంటారా అని అడిగింది. అవునన్నాం, ఎక్కింది.

"అమ్మా" అని తెలుగులో కొట్టి చదవమన్నాం. స్పీకర్లోంచి ఒక మగగొంతు, "తెలుగు లెటర్, తెలుగు లెటర్" అంది.

ఆ మాట విని ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు. అది ఇంగ్లీషువాడి గొంతు. తెలుగు గొంతు కావాలంటే భాష పేరు రెండు అక్షరాల్లో చెప్పాలని వెతికి పట్టుకున్నాం. మళ్ళీ కొట్టాం.

"అమ్మా," అంది.

బాగాలేదు. డబ్బాలోంచి వస్తున్నట్టు, ముక్కుతో పలికినట్టు ఉంది. ఆయన గొంతుకీ దీనికీ పోలికే లేదు. ఇన్ని పాట్లు పడింది దీనికోసమా అనిపించింది. అయినా ల్యాప్‌టాప్ ఎత్తుకుని అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళాం. ఆయన స్టూలు మీద పెట్టుకుని, "అమ్మా, నేనే. నా గొంతు తీసేశారు. ఈ మిషను నా బదులు మాట్లాడుతుంది" అని కొట్టారు.

అత్తయ్య బెదిరిపోయింది. "ఎవడే ఇంట్లోకొచ్చింది?"

"ఎవరూ లేరు అత్తయ్యా. ఆయన రాసింది మిషను చదువుతోంది."

"మీ ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు." చెయ్యి చాపి మిషను అంచు తడిమింది. తర్వాత, "అమ్మాయ్, నువ్వు పెరట్లోకి వెళ్ళు," అంది.

"ఎందుకు అత్తయ్యా?"

"వెళ్ళమన్నానా. వాణ్ణి ఒక మాట అడగాలి. అది వాడికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. నిజంగా వాడే అయితే చెబుతాడు."

వెళ్ళాను. తులసి కోట పక్కన నిలబడ్డాను. ఆమె అడిగింది నాకు వినపడలేదు. తర్వాత చాలాసేపు మీటల చప్పుడు. కొట్టి, చెరిపి, మళ్ళీ కొడుతున్నారని ఆ చప్పుడుని బట్టే తెలుస్తోంది. తర్వాత ఆ ముక్కు గొంతు ఏదో చెప్పింది. గోడ అడ్డం, మాటలు కలిసిపోయాయి.

 ఆ తర్వాత అత్తయ్య గొల్లుమంది. "ఒరేయ్ నాయనా, నువ్వేనంట్రా!" అని ఆ ఏడుపులోనే నవ్వింది. నేను లోపలికి వెళ్ళలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఆమె ఏమడిగిందో, ఆయన ఏం చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ అత్తయ్య మంచం పక్కనే ఉంటుంది. దుమ్ము పడకుండా ఆమె పాత చీర ముక్క కప్పుతుంది. ఆయన జబ్బు పూర్తిగా వదిలిందని డాక్టర్లు ఇంకా అనలేదు. ప్రతి చెకప్‌కి వెళ్ళేముందు రోజు ఇల్లంతా మూగబోతుంది. మిగతా రోజుల్లో తల్లీకొడుకులు వాదించుకుంటూనే ఉంటారు. ఆయన పెద్ద వాక్యాలు రాస్తే మిషను ఎక్కడా ఆగకుండా చదువుకుపోతుంది. అత్తయ్య విసుక్కుంటుంది.

"ఒరేయ్, కాస్త ఊపిరి తీసుకుని మాట్లాడరా. ఎవరన్నా తరుముతున్నారా?"

కామా ఉన్నచోట మిషను కాస్త ఆగుతుందని ఆయన కామాలు పెట్టడం మొదలుపెట్టారు. పిల్లల పరీక్ష పేపర్లలో అక్కర్లేని కామా కనపడితే ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషి, ఇప్పుడు తల్లి కోసం రెండు మాటలకొకటి పెడుతున్నారు.