చక్రం విప్పితే గానీ అందని బ్యాటరీ

మా అక్క రిటైరైన రోజు పొద్దున్న నేను పటమటలో వాళ్ళ షెడ్డులో, కారు ముందు చక్రం పక్కన గోనెసంచి పరుచుకుని పడుకుని ఉన్నాను.

అక్క ఉయ్యూరు దగ్గర ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పేది. సాయంత్రం సన్మానం అయ్యాక తోటి టీచర్లు ఆమెను పూలు కట్టిన జీపులో మేళంతో ఊరేగించి, ఇంటిదాకా దిగబెట్టాలని ఏర్పాటు. వాళ్ళ స్కూల్లో రిటైరైన వాళ్ళందరికీ అలాగే చేస్తారు. అక్క మాత్రం జీపెక్కనంది. బావగారి ఎర్ర స్పోర్ట్స్ కారు తనే నడుపుకుంటూ వస్తానంది.

అది రెండే సీట్లున్న పాత కారు. రొయ్యల చెరువులు బాగా కలిసొచ్చిన రోజుల్లో బావగారు ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండులో కొన్నారు. అక్క రోజూ తన చిన్న కారులో స్కూలుకు వెళ్ళొచ్చే మనిషి. అయినా దీని స్టీరింగు ఆయన ఏనాడూ ఆమె చేతికివ్వలేదు. దీని క్లచ్చి వేరనేవారు. వినీ వినీ విసుగెత్తి, రిటైరయ్యే రోజున నడుపుతానని చుట్టాలందరి ముందూ ఆయన చేత మాట తీసుకుంది. తీరా ఆ రోజు దగ్గర పడేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. బావగారి మొహంలో విచారం ఉండాల్సినంత లేదని అక్క నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆ కారు బానెట్ ఎత్తితే బ్యాటరీ కనిపించదు. ఎడమవైపు ముందు చక్రానికి ముందు, బంపరు వెనక గూట్లో ఉంటుంది. జాకీ పెట్టి చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తొడుగు తీస్తే చెయ్యి పడుతుంది. అదీ ఒక్క చెయ్యే. ఆటోనగర్లో అడిగితే బ్యాటరీ ఇస్తాం గానీ బిగించడం వచ్చే వారమేనన్నారు. నేను మెకానిక్కుని కాను, కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. చదువు పదితో ఆగింది. కొలవడం, లెక్కగట్టడం సొంతంగా పట్టుబడ్డాయి. అక్కకు అదే చాలనిపించింది.

ముందురోజే పాతది ఊడదీసి కొలిచాను. సరిగ్గా ఆ సైజు షాపులో లేదు. ఉన్నదానికి పొడవూ వెడల్పూ సరిపోయాయి, ఎత్తు మాత్రం పదిహేను మిల్లీమీటర్లు ఎక్కువ. కొన్నాక పట్టకపోతే ఎలా? అట్ట కత్తిరించి అచ్చంగా ఆ కొలతల్లో ఖాళీ పెట్టె చేసి, గూట్లోకి తోసి చూశాను. నిలువుగా పోలేదు. పక్కకు పడుకోబెట్టి, సన్నటి వైపు ముందు దూర్చి, లోపలికెళ్ళాక లేపితే కూర్చుంది. పైన వేలు దూరేంత ఖాళీ కూడా మిగిలింది.

బావగారు కుర్చీ వేసుకుని ఇదంతా చూశారు. "ఏమోయ్, అట్టపెట్టెతో స్టార్టవుద్దంటావా?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే కొత్త బ్యాటరీ తెచ్చాను. మా ఇళ్ళల్లో మిక్సీ అయినా సరే, పసుపూ కుంకుమా పెట్టకుండా వాడకంలోకి రాదు. అక్క తలస్నానం చేసి వచ్చి, బ్యాటరీని పీట మీద పెట్టి ఆ ముచ్చటంతా తీర్చింది. తరువాత నేను దాన్ని పడుకోబెట్టి, దూర్చి, లేపి, టెర్మినళ్ళు బిగించి, తొడుగు వేసి, చక్రం ఎక్కించాను. బావగారు సీట్లో కూర్చుని తాళం తిప్పారు.

టిక్కుమంది. అంతే.

"అయితే జీపే," అన్నారు బావగారు.

పట్టుచీరలో గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క నావైపు చూసింది. మధ్యాహ్నం భోజనాల వేళకి స్కూల్లో ఉండాలి.

బానెట్ కింద, బయటి బ్యాటరీ తగిలించడానికి ఒక పాయింటు ఉంటుంది. అక్కడ మీటరు పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు. తాళం తిప్పగానే నాలుగు వోల్టులకి పడిపోయింది. కానీ షాపులో నా కళ్ళ ముందే లోడు పెట్టి చూపించారు, అప్పుడు పది కిందికి దిగలేదు. అంటే బ్యాటరీ మంచిదే. పోయే వోల్టులన్నీ బ్యాటరీకీ వైరుకీ అతుకు దగ్గర పోతున్నాయి.

"అంటే ఏంటి?" అన్నారు బావగారు.

"మళ్ళీ చక్రం విప్పాలండీ."

విప్పాను. క్లాంపు ఊడదీస్తే లోపలంతా పచ్చగా ఉంది. తడి పసుపు పట్టు వేసినట్టు ఎండిపోయి, క్లాంపూ టెర్మినలూ ఒకదాన్నొకటి సరిగ్గా అంటకుండా కూర్చుంది. బిగించేటప్పుడు నేనది చూడకపోలేదు. శుభమా అని పెట్టిన బొట్టు చెరపడమెందుకులే అని దాని మీదే బిగించేశాను.

అక్క వంగి చూసింది. "అక్కడ నేనే పెట్టానురా. ఆ రెండూ గుండ్రంగా, బొట్టు పెట్టడానికే ఉన్నట్టు కనబడ్డాయి."

బావగారు చాలాసేపు నవ్వారు. ఇన్నేళ్ళూ పిల్లల తప్పులు దిద్దావు, చివరి రోజు తమ్ముడు నీది దిద్దాడన్నారు. అక్క వినిపించుకోకుండా నాకు గరుకు కాయితం అందించింది. టెర్మినళ్ళు మెరిసేదాకా రుద్దాను. ఈసారి బొట్టు బ్యాటరీ పక్కన, ప్లాస్టిక్ మీద పెట్టించాను.

చక్రం ఎక్కించేసరికి బావగారు మళ్ళీ సీటు వైపు నడిచారు. అక్క అప్పటికే అందులో కూర్చుని ఉంది.

"మీరటు తిరిగి రండి," అంది.

తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది, షెడ్డు రేకులు అదిరాయి. బావగారు కారు చుట్టూ తిరిగొచ్చి పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

సాయంత్రం, జీపుకు కట్టిన పూలు వృథా కాకూడదని అందులో టీచర్లు, మేళంవాళ్ళు ఎక్కారు. కారులో మూడో మనిషికి చోటు లేదు గనక నేనూ డోలు పక్కన ఇరుక్కున్నాను. జీపు ముందు, అక్క వెనక. కంకిపాడు దాకా ఆమె మర్యాదగానే వెంట వచ్చింది. రోడ్డు ఖాళీగా దొరకగానే హారను కొట్టి, తన ఊరేగింపును తానే దాటేసి పోయింది. పక్కసీట్లో దండలన్నీ ఒళ్ళో వేసుకున్న బావగారు మావైపు చెయ్యెత్తారు. వెళ్ళొస్తామనో, ఆపమని చెప్పమనో, నాకు తెలియలేదు. మేళంవాళ్ళు వాయించడం మానేసి, అమ్మగారు ఇంత బాగా తోలతారా అని నన్నడిగారు.