మోటారు విప్పేసిన మిషను

ఆమెది సీటు కవర్లు కుట్టే షాపు. లారీలకు, వ్యాన్లకు, క్షౌరశాల కుర్చీలకు వారంలో ఆరు రోజులు రెక్సిన్ కుడుతుంది. ఏడో రోజు డెత్ మెటల్ అనే చెవులదిరే రాక్ సంగీతపు బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే వరస. ఇప్పుడామెకు యాభై రెండు.

బ్యాండంటే ఆమె, ఆమె తమ్ముడు. అంతే. అతను పగలు స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలతో మెత్తగా మాట్లాడే ఆ గొంతే, అతను గిటారు తగిలించుకుని మైకు ముందు నిలబడితే, బావిలో పడ్డ ఎద్దు రంకెలా లేస్తుంది.

కిందటి ఆల్బంలో, స్టూడియోలో రికార్డింగు చేసే అతను ఆమె కొట్టిన ప్రతి దెబ్బనూ కంప్యూటర్లో జరిపి సరిచేశాడు. తమ్ముడు సరేనన్నాడు. అంతా గీత గీసినట్టు వచ్చింది. మొదటి నుంచీ వింటున్న అభిమాని ఒకాయన ఒకటే వాక్యం రాశాడు: "ఈ డ్రమ్ములకి చెమట పట్టదు."

ఆమె దానికి ఏడవలేదు. నిజమేననుకుంది. ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుంది.

ఈ సంగీతంలో పెద్ద డ్రమ్మును రెండు పాదాలతో వాయించాలి. మడమతో ఒక దెబ్బ, మునివేళ్లతో ఇంకొకటి. ఆ ఒడుపు ఆమెకు ఎవరూ నేర్పలేదు, తొక్కుడు మిషను మీద పట్టుబడింది. ఆరేళ్ల కిందట మిషనుకు మోటారు పెట్టించింది. అప్పటినుంచి కాలితో నొక్కి ఉంచడమే పని. మడమ సోమరిదైపోయింది.

మర్నాడే మోటారు విప్పి అటకెక్కించింది. చక్రానికి మళ్లీ తోలు పట్టా వేసింది.

"లోకమంతా ముందుకెళ్తుంటే నువ్వు వెనక్కి తొక్కుతున్నావేంటక్కా?" అన్నాడు తమ్ముడు.

"కూతలు ఆపి సూదిలో దారం ఎక్కించు. కళ్లన్నా పనికొస్తాయేమో చూద్దాం."

ఎనిమిది నెలలు తొక్కింది. మొదటి నెల మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాలుగో నెలకి మడమ మాట వినసాగింది.

కొత్త ఆల్బంలో ఆఖరి పాటే అన్నిటికంటే వేగం. నాలుగు నిమిషాలు ఊపిరాడనివ్వదు. రికార్డింగు అతను ముందే అన్నాడు: "మూడుసార్లు వాయించండి మేడమ్. కుదరకపోతే నేను చూసుకుంటా. మీ వయసులో అదేం తప్పు కాదు."

"మూడోది కూడా పోతే నీ కంప్యూటర్నే వాయించుకోమను. ఆల్బం అట్ట మీద నా పేరు మాత్రం కొట్టెయ్యి. నా వయసు సంగతి నీకెందుకు, రికార్డు నొక్కు."

మొదటిసారి రెండో నిమిషంలో కుడి మడమ జారింది. రెండోసారి పిక్క పట్టేసింది. ఆమె లేచి బూట్లు విప్పి మూలకు విసిరింది. షాపులో ఎప్పుడూ ఉత్త కాళ్లతోనే తొక్కేది.

మూడోసారి దెబ్బలు వానలా కురిశాయి. పాట చివర్లో ఒక్క దెబ్బ వెనకబడింది. ఆమె ఆగలేదు, దాన్ని కలుపుకుని చివరిదాకా వెళ్లింది.

"అదరగొట్టారు మేడమ్! ఒక్కటే వెనకబడింది. చిటికెలో జరిపేస్తా."

"చెయ్యి తియ్యి," అంది, ఒగరుస్తూ. "రెక్సిన్ ఎప్పుడన్నా కుట్టావా?"

"లేదండీ."

"బట్టయితే కుట్టు విప్పుకోవచ్చు. రెక్సిన్ మీద విప్పితే చిల్లులు ఉండిపోతాయి, నీళ్లు అక్కణ్నుంచే దిగుతాయి. కుట్టు కాస్త వంకరపోతే ఆపకుండా దార్లో పెట్టుకుంటూ పోవడమే. సీటు మీద మనిషి కూర్చుంటాడు, స్కేలు పెట్టి కొలవడు."

అతను తమ్ముడి వైపు చూశాడు. కిందటిసారి సరేనన్నది అతనే కదా.

తమ్ముడు మైకు వైపు వేలు చూపించాడు. "అది వెనకబడిన చోటే నేను అరవబోతున్నా. నువ్వు దాన్ని కదిపితే నా అరుపు ఎక్కడ పెట్టుకోవాలి? ఉంచు."

ఆల్బం వచ్చిన వారానికి తమ్ముడు ఫోను పట్టుకుని షాపుకి పరిగెత్తుకొచ్చాడు. ఆ అభిమానే రాశాడు. "ఆఖరి పాటలో ఒక దెబ్బ తప్పింది. దానికోసమే ఇరవైసార్లు విన్నాను. మనిషి తిరిగొచ్చింది."

ఆమె పెడలు మీంచి పాదం తీయలేదు. "ఇంకోసారి చదువు," అంది. అతను చదివాడు.

"సరే. లారీ ఆయన నాలుగింటికొస్తాడు. దారం ఎక్కించు."