మిరప కల్లంలో కూర్చున్న ఎకనామిక్స్ మేడం

మొన్న మంగళవారం ఒంగోలులో సమీక్షా సమావేశంలో ఉండగా సుగుణ కుమారి గారి చెల్లెలు ఎస్తేరమ్మ గారు ఫోన్ చేశారు. "బాబూ, అక్క పొద్దున వెళ్ళిపోయింది" అన్నారు. "ఎక్కడికండీ?" అని అడిగాను. ఆవిడ ఏడ్చేదాకా ఆ మాట నాకు అర్థం కాలేదు. తిరిగి లోపలికి వచ్చాను. నా మండలం పేరు పిలిస్తే లేచి పక్క మండలం నివేదిక చదివాను. ఎవరో చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. ముప్పయ్యేళ్ళకు పైగా గుంటూరులో అర్థశాస్త్రం బోధించిన విదుషీమణి, నాకు అక్షరాలా అన్నం పెట్టిన గురువు ఇక లేరన్న సత్యం ఈ వాక్యం రాస్తున్నప్పటికీ నా మనసులో కుదురుకోలేదు.

ఆమె పుట్టింది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో. నేనిప్పుడు అభివృద్ధి అధికారిగా పనిచేస్తున్న మండలంలోదే ఆ ఊరు. తల్లి మిరపకోత కూలి. బడి లేని రోజున తానూ అమ్మ వెంట కోతకు పోయి, ఘాటుకు తుమ్ముతూ ఎక్కాలు వల్లెవేసేదాన్నని తరగతిలో నిస్సంకోచంగా చెప్పేవారు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు, లెక్చరరయ్యారు, బ్రాడీపేటలో చెల్లెలితో స్థిరపడ్డారు. వివాహం చేసుకోలేదు.

ఆమె మాంద్యం పాఠం చెబుతుంటే పక్క తరగతి వాళ్ళు కూడా కిటికీల దగ్గర చేరేవారు. "కరువులో గింజ ఉండదు. మాంద్యంలో గింజ ఉంటుంది, కోసే చేతులుంటాయి, తినే నోళ్ళుంటాయి. అయినా ఏదీ కదలదు. అందరూ భయపడి గుప్పిట మూసినప్పుడు ప్రభుత్వం ఒక్కటే గుప్పిట విప్పాలి" అనేవారు. ఆ మాటల్నే నేను ఉద్యోగ పరీక్షలో రాశాను. ఉద్యోగం వచ్చింది.

ఈ ఏడు ఆ పాఠం మా ఊళ్ళలోకి దిగివచ్చింది. మిరపకాయ కొనే నాథుడు లేకపోయాడు. గుంటూరు చుట్టూ నూలు మిల్లులు ఒక్కొక్కటే గేట్లు మూశాయి. అక్కడ పనిచేసే ఆడపిల్లలు సంచులు సర్దుకుని ఇళ్ళకు వచ్చేశారు. మా ఆఫీసు జీపుకు డీజిల్ లేదు, మాకు జీతాలు ఎప్పుడొస్తాయో తెలియదు. మేడం పెన్షనూ ఆలస్యమైంది. సరిగ్గా అప్పుడే, కాలువ పూడికతీత పనులు తదుపరి ఆదేశాల వరకు నిలిపివేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు చదవడానికి స్కూటర్ మీద ఆమె ఊరికి వెళ్ళాను. చర్చి వరండాలో కూలి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. ఆదివారం ఆరాధనకని గుంటూరు నుంచి వచ్చిన మేడం కూడా వెనకవరుసలో ఉన్నారు. నేను చదవడం ముగించగానే రత్నమ్మ అనే కూలి లేచింది.

"సార్, కాలవలో పూడిక ఉందా, లేదా?"

"ఉంది."

"తియ్యడానికి మేమున్నామా?"

"ఉన్నారు."

"మరి పని లేదంటారేంటి?"

తప్పించుకోవడానికి, "మేడం, మీరు చెప్పండి" అన్నాను. ఆమె లేచి నిలబడ్డారు. "నాకు తెలియదు రత్నమ్మా" అన్నారు.

"ఇదే కదక్కా నువ్వు కాలేజీలో చెప్పింది?"

"చెప్పాను. పిల్లలెవరూ నీలాగ అడగలేదు."

బయటికొచ్చాక నన్ను పిలిచి, "ఏమయ్యా ప్రసాదూ, పరీక్షలో ప్రభుత్వం ఏం చెయ్యాలని రాశావు?" అని అడిగారు. "పనులు పెట్టాలని రాశానండి" అన్నాను. ఆమె నవ్వారు. ఆ నవ్వు నా మీదో, తన మీదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ మర్నాడే ఆమె ఊరి రైతు వెంకటేశ్వర్లు దగ్గరికి వెళ్ళారు. ఆయన చేలో కాయ పండి చెట్టు మీదే ఎండిపోతోంది. "కోత కూలి ఇస్తే నాకేం మిగలదు మేడం, దున్నేస్తా" అన్నాడాయన. "కూలి వద్దు. కోసి సగం నీకిస్తారు, సగం వాళ్ళు తీసుకుంటారు" అన్నారు మేడం. ఆయన ఒప్పుకున్నాడు. రత్నమ్మతో సహా ఊళ్ళో ఆడవాళ్ళంతా నాలుగు రోజులు కోశారు. చర్చి పక్క ఖాళీ స్థలంలో కాయ ఎండబోశారు. ఆ నాలుగు రోజులూ ఊరికి మళ్ళీ ప్రాణం వచ్చినట్టుంది. నేనూ ఆ ఎర్రటి కల్లం చూసి సంతోషించాను.

అంతలో మబ్బు పట్టింది. మేడం మా ఆఫీసుకొచ్చారు. "మీ ఆఫీసు వెనక గోదాము ఖాళీగా ఉంది కదా, తాళం తియ్యి" అన్నారు.

"ఆర్డరు కావాలండి."

"ఎవరివ్వాలి?"

"పైనుంచి రావాలండి."

"వానా పైనుంచే వస్తుంది ప్రసాదూ."

ఉత్తరం రాశాను. జవాబు రాకముందే వాన వచ్చింది. పట్టలు కప్పినా సగం కాయ తడిసి, తెల్లబడి, అమ్ముడుపోని తాలుగా మారింది. మూడో రోజున "తగు చర్య తీసుకోగలరు" అని జవాబు అందింది. తాళం తియ్యమనా, వద్దనా? ఆ కాగితం ఎన్నిసార్లు చదివినా నాకు బోధపడలేదు. తాళంచెవి మాత్రం ఆ మూడు రోజులూ నా సొరుగులోనే ఉంది. ఈ మాట రాయకుండా ఆమెను స్మరించే అర్హత నాకు లేదు.

రత్నమ్మ మేడం మొహం మీదే అడిగేసింది. "నువ్వు చెప్తేనే కదక్కా కోశాం. ఇంట్లో కూర్చుంటే ఈ ఒళ్ళు నొప్పులన్నా తప్పేవి." మేడం సమర్థించుకోలేదు. "నిజమే" అని, చెప్పులు విడిచి, కల్లంలో వాళ్ళ మధ్య కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టారు. డెబ్భై దాటిన వయసులో రెండు రోజులు ఎండలో కూర్చున్నారు. మంటెత్తిన చేతుల్ని మజ్జిగలో ముంచుకుంటూ ఏరారు. తొలినాడు ఆమెతో ఎవరూ మాట్లాడలేదట. రెండోనాడు రత్నమ్మే అన్నం తెచ్చిపెట్టిందట.

మిగిలిన మంచికాయను కారం పట్టించి, సంచుల్లో బస్సెక్కించి, బ్రాడీపేటలో పాత విద్యార్థుల గుమ్మాలు తొక్కారు. క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు, ఇళ్ళు అన్నీ తిరిగారు. కాఫీ ఇచ్చి, కాళ్ళకు మొక్కి, కారం మాత్రం తర్వాత చూద్దామన్నవాళ్ళే ఎక్కువ. "నెల జీతం ఉన్నవాడు కూడా భయపడుతున్నాడయ్యా. పుస్తకంలో ఆ భయానికి ఒక్క లైను కేటాయించారు. ఇక్కడ గుమ్మం గుమ్మానికీ ఉంది" అన్నారు నాతో. కోపంగా అనలేదు, ఆశ్చర్యంగా అన్నారు. అయినా నెల తిరిగేసరికి సంచులన్నీ ఖాళీ చేశారు.

ఆ తిరుగుడే ఆమె ప్రాణం తీసిందా? డాక్టరు కాదన్నాడు, గుండె ఎప్పటినుంచో బలహీనమన్నాడు. ఆమె చేసింది మేలా, పొరపాటా? ఆడవాళ్ళకు ఓ రెండు నెలలు పొయ్యి వెలిగింది, నిజం. వాళ్ళ కష్టంలో సగం వానపాలైంది, అదీ నిజమే. ఈ రెండిటినీ కలిపి ఒక వాక్యం రాయాలని చూస్తున్నాను, కుదరడం లేదు.

బుధవారం ఆమెను సొంత ఊళ్ళోనే సమాధి చేశాం. పాస్టరు గారు నన్ను మాట్లాడమన్నారు. "విద్యావతి, త్యాగశీలి" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆమె ఉండి ఉంటే ఆ రెండు మాటలకూ ఉదాహరణలు చెప్పమని నిలబెట్టేవారు.

మట్టి వేయడం పూర్తికాగానే రత్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. దారిలో ఆటో ఆగి ఉంది. పక్క ఊరి రైతు కాయకోతకు కబురంపాడట. ఇప్పుడే బయలుదేరాలట.

"సార్, ఆయనా సగమే ఇస్తానంటున్నాడు. వాన మబ్బుంది, నష్టం మాకూ ఉంటది కదా. సగానికి ఒప్పుకోమంటారా, ఎక్కువ అడగమంటారా? అక్క ఉంటే అడిగేవాళ్ళం."

అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. "మూడు పాళ్ళలో రెండు అడగండి. కాయ తడవకుండా పెట్టుకోవడానికి గోదాము తాళం నేను తీస్తాను" అన్నాను. ఏ ఉత్తర్వూ లేకుండా నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

వాళ్ళు తలూపి, చేతుల మట్టి దులుపుకుని ఆటో ఎక్కారు. ఆ మహనీయురాలికి నమస్కరించడానికి సమాధి వైపు తిరిగాను. రెండు పాళ్ళు అడిగితే ఆ రైతు అసలు కోతే వద్దంటాడేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది. నేను చెప్పింది తప్పో ఒప్పో అడుగుదామంటే, ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచలేదు.